ఉచిత పరీక్ష ఖరీదు

విజయవాడలో సూర్యారావుపేట, గవర్నర్‌పేట వీధులు తిరిగితే ఆసుపత్రుల బోర్డుల నడుమ చెవి మిషన్ల కేంద్రాల బోర్డులు కనిపిస్తాయి. మచిలీపట్నం, గుడివాడ, ఏలూరు, తెనాలిలోనూ ఇప్పుడవి కొత్తేమీ కాదు. కంపెనీ ఏదైనా బోర్డు మీద ఒక మాట మాత్రం తరచూ ఉంటుంది: వినికిడి పరీక్ష ఉచితం. రక్తపరీక్షకు డబ్బు కడతాం, స్కానింగుకు కడతాం. చెవి పరీక్ష ఒక్కటే ఎందుకు ఊరికే చేస్తారు? దాని ఖర్చు మిషను ధరలో కలిసిపోయి ఉంటుంది కనుక. పరీక్ష చేసే మనిషి జీతం, గది అద్దె, ఆడియోమీటరు ఖరీదు, అన్నిటినీ అమ్ముడుపోయిన మిషన్లే మోయాలి. అలాంటప్పుడు ‘మీకు మిషను అక్కర్లేదు’ అని తేల్చిన ప్రతి పరీక్షా దుకాణానికి నష్టమే.

చెవి మిషన్ల రంగంలోకి వచ్చే కుర్రవాళ్లకు ఏ పరీక్షలు నేర్పాలి, ఎంత లోతుగా నేర్పాలి అన్న చర్చను ఇక్కడినుంచి మొదలుపెట్టడమే న్యాయం. ‘అడ్వాన్స్‌డ్ ఆడియోమెట్రీ’ అనగానే ఖరీదైన యంత్రాల పేర్లు చదవడం మనకు అలవాటైంది. నా మటుకు నాకు పైస్థాయి పరీక్ష అంటే ఒక పరీక్ష చెప్పిన మాటను ఇంకో పరీక్షతో నిలదీయడం. జేమ్స్ జెర్గర్, డెబొరా హేస్ అనే ఇద్దరు అమెరికా ఆడియాలజిస్టులు 1976లో చిన్నపిల్లల పరీక్షల గురించి రాస్తూ దీన్ని సూత్రంగానే పెట్టారు. ఒక పరీక్ష ఫలితాన్ని, దానితో సంబంధం లేని మరో పరీక్ష బలపరిచేదాకా నమ్మొద్దన్నారు. వాళ్లు పిల్లల గురించి చెప్పినా పెద్దలకూ అదే వర్తిస్తుంది. అమ్మకం కోసం చేసే పరీక్షకైతే రెండింతలు వర్తిస్తుంది.

ముందు అవసరం ఎంతో చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవాళ్లు సుమారు 50 లక్షలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా అని చెబుతూ కేంద్ర ప్రభుత్వ బధిరత్వ నివారణ కార్యక్రమం వాడుతున్న సంఖ్య 6.3 కోట్లు. జనాభాలో 6.3 శాతమన్నమాట. రెండు లెక్కలకూ మధ్య పన్నెండు రెట్లకు పైగా తేడా ఉంది. జనాభా లెక్కలవారు గుమ్మంలో నిలబడి ఇంట్లో చెవిటివాళ్లున్నారా అని అడిగితే, అరవై అయిదేళ్ల పెద్దాయన్ని ఆ ఖాతాలో వేసేదెవరు? ‘వయసు వచ్చింది, కాస్త గట్టిగా చెప్పాలి’ అంటారు, అంతే. జిల్లాల విభజనకు ముందున్న కృష్ణా జిల్లా జనాభా 2011లో 45 లక్షల పైచిలుకు. ఆ 6.3 శాతాన్ని దీనికి అన్వయిస్తే రెండు లక్షల ఎనభై వేల దాకా తేలుతుంది. ఇది కాకిలెక్కే. అయినా ఈ సంఖ్యలో సగం నిజమైనా సరిపడా ఆడియాలజిస్టులు మన దగ్గర లేరు. ఆ ఖాళీలోకే దుకాణం వచ్చింది. వచ్చినందుకు దుకాణాన్ని తిట్టి లాభం లేదు.

చదువు సంగతికొస్తే, దేశంలో దీనికి పుట్టిల్లు మైసూరు. అక్కడి అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965లో మొదలైంది. తెలుగువాళ్లకు దగ్గర్లో ఉన్నది సికిందరాబాదు. అక్కడ 1977లో డాక్టర్ పి. హనుమంతరావు పెట్టిన స్వీకార్ ఉంది. మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆ జాతీయ సంస్థ ముంబయిలో 1983లో ఏర్పడింది గానీ, పేరు మాత్రం మన హైదరాబాదీది. అలీ యావర్ జంగ్ ఒకప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉపకులపతి. చదువుల్లో పెద్దది బీఏఎస్‌ఎల్‌పీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు పడుతుంది. ఏడాది డిప్లొమా డీహెచ్‌ఎల్‌ఎస్. మిషన్ల మరమ్మతు, చెవి అచ్చుల తయారీకి ఇంకో డిప్లొమా ఉంది. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం కింద ఇవి చదివినవాళ్లంతా నమోదు కావాలి. నమోదు లేకుండా ఈ వృత్తి చేస్తే 13వ సెక్షన్ ప్రకారం ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఒక్క మిషను మీద మిగిలే లాభంతో పోలిస్తే ఆ వెయ్యి రూపాయలు ఎవరిని భయపెడతాయో పాఠకులే చెప్పాలి.

ఈ మెట్ల వరస బయట ఇంకో తరగతి ఉంది. ఇంటరో డిగ్రీయో చదివి, కౌంటరు దగ్గర పనిలో చేరి, కంపెనీవాళ్లు పెట్టే కొద్దిరోజుల తరగతికి వెళ్లొచ్చి, హెడ్‌ఫోన్ పెట్టి బటన్ నొక్కడం నేర్చుకున్నవాళ్లు. ఆడియాలజిస్టు వారానికో రోజు వచ్చే చోట్ల మిగతా రోజులు వీళ్లే దిక్కు. బ్రిటన్‌లో మిషన్లు అమ్మేవాళ్ల కోసం 1968లోనే చట్టం చేశారు. 2010లో వాళ్లను మిగతా ఆరోగ్య వృత్తులతో పాటు ఒకే నియంత్రణ కిందికి తెచ్చారు. అమెరికాలో రాష్ట్రానికో లైసెన్సు పద్ధతి ఉంది. పరీక్ష రాసి, పెద్దవాళ్ల పర్యవేక్షణలో పనిచేసి తెచ్చుకోవాలి. మన దగ్గర ఈ కుర్రవాడి ఉద్యోగానికి పేరు లేదు. పేరు లేని ఉద్యోగానికి పాఠ్యప్రణాళికా లేదు.

అతనికి నేర్పేది సాధారణంగా ప్యూర్‌టోన్ పరీక్ష. కూత వినపడినప్పుడల్లా చెయ్యెత్తమంటారు. వినిపించిన ప్రతిసారీ 10 డెసిబెల్స్ తగ్గిస్తారు, వినపడకపోతే 5 పెంచుతారు. పైకి వెళ్లేటప్పుడు మూడుసార్లలో రెండుసార్లు ఎక్కడ పలికితే అదే గీత. 250 హెర్ట్జ్ నుంచి 8000 దాకా ఇలా గుర్తులు పెట్టి కలిపితే ఆడియోగ్రామ్ వస్తుంది. చూడ్డానికి తేలికే. అయితే పని ఇక్కడే చెడేది కూడా. ముందు చెవిలోకి లైటు వేసి చూడాలి. గుబిలి గట్టిగా అడ్డుపడి ఉంటే పరీక్షే వృథా. కొందరు వృద్ధులకు హెడ్‌ఫోన్ ఒత్తిడికి చెవి రంధ్రం మూసుకుపోతుంది. అప్పుడు పై శ్రుతుల్లో లేని చెవుడు పుట్టుకొస్తుంది. చెవి లోపల పెట్టే ఇన్‌సర్ట్ ఫోన్ వాడితే ఆ బెడద పోతుంది. గది సంగతి చెప్పనక్కర్లేదు. ఏలూరు రోడ్డు పక్క మేడ మీద, ఏసీ రొద మధ్య, గాజు తలుపు వెనక కూర్చోబెట్టి పరీక్ష చేస్తే 250, 500 హెర్ట్జ్ దగ్గర గీత తప్పకుండా కిందికి జారుతుంది. అది వచ్చినాయన చెవుడు కాదు, వీధి చప్పుడు. ఆడియోమీటరును ఏడాదికోసారి క్యాలిబ్రేట్ చేయించాలి. రోజూ ఉదయం షాపు తెరవగానే చేసేవాడే హెడ్‌ఫోన్ పెట్టుకుని అన్ని శ్రుతులూ ఒకసారి వినాలి. రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు.

అసలు పరీక్ష మాస్కింగ్ దగ్గర మొదలవుతుంది. నన్నడిగితే ఈ వృత్తిలో పైస్థాయికి గేటు ఇదే. ఒక ఉదాహరణ వివరంగా చూద్దాం. ముప్పై ఏళ్ల మనిషి, చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చి కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి బాగుంది, 10 డెసిబెల్స్ దగ్గరే వింటాడు. కుడి చెవికి హెడ్‌ఫోన్‌లో కూత వినిపిస్తూ పోయామనుకోండి. 40, 45, 50 దాటేసరికి ఆ చప్పుడు పుర్రె గుండా అటుపక్కకు చేరుతుంది. ఎడమ చెవి వింటుంది, మనిషి చెయ్యెత్తుతాడు. మామూలు హెడ్‌ఫోన్‌తో 40 డెసిబెల్స్ తేడా రాగానే ఈ దాటిపోవడం మొదలవుతుంది. కాగితం మీద కుడి చెవి 55 దగ్గర పడుతుంది. ఒక మోస్తరు చెవుడు, మిషనుకు బ్రహ్మాండంగా సరిపోయే చెవి!

ఇక చెవి వెనక ఎముక మీద వైబ్రేటర్ పెడితే మరీ విచిత్రం. ఎముక దారిలో రెండు చెవుల మధ్యా అడ్డం అంటూ ఏమీ ఉండదు. కుడి పక్క పెట్టినా ఎడమ చెవి 10 దగ్గరే వింటుంది. గాలి దారిలో 55, ఎముక దారిలో 10. మధ్యలో 45 డెసిబెల్స్ ఎడం. ఈ కాగితం చూసినవాడు ఇది లోపలి చెవి జబ్బు కాదు, మధ్య చెవిలో అడ్డమని, ఆపరేషన్‌తో బాగవుతుందని పంపేస్తాడు. ఒక్కటే పరీక్ష, రెండు అబద్ధాలు. వాటిలో ఒకటి మిషను అమ్ముతుంది, రెండోది కత్తి కిందికి తోస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి లక్షల యంత్రం అక్కర్లేదు. 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ మోగించి నుదుటి మీద పెడితే చాలు. కుడి వైపు నిజంగా మధ్య చెవి అడ్డమే ఉంటే మోత కుడికి వెళ్తుంది. నరం పోయి ఉంటే బాగున్న ఎడమకు వెళ్తుంది. ఈ మనిషి ఎడమ వైపే వినపడుతోందంటాడు. ఆడియోగ్రామ్ అబద్ధం అక్కడే తేలిపోతుంది. ఆ తరువాత పని మాస్కింగ్‌ది. ఎడమ చెవిలో ఒక రొద పెట్టి దాన్ని పనిలో ఉంచి, కుడి చెవికి కూత వినిపిస్తాం. రొదను మెట్టు మెట్టుగా పెంచుతుంటే కుడి చెవి గీత దానితో పాటు కిందికి జారుతూ పోతుంది. అంటే ఇన్నాళ్లూ విన్నది ఎడమ చెవే. గీత నిజమైనదైతే రొద మూడు మెట్లు పెరిగినా కదలకుండా నిలబడుతుంది. దీన్ని ప్లాటో పద్ధతి అంటారు, 1960 నాటి హుడ్ పేరుతో చెప్పుకుంటారు. కంపెనీ తరగతిలో దీన్ని ఒక స్లయిడుతో దాటేస్తారు. చేతితో చేస్తూ వందసార్లు తప్పితే గానీ రాని విద్య ఇది. శిక్షణకు ఎన్ని గంటలున్నా అందులో సగం దీనికే ఇవ్వమంటాను.

మధ్య చెవి పరీక్ష, అంటే టింపనోమెట్రీ, ఇంతకన్నా సులువు. చెవిలో గాలి ఒత్తిడి మార్చి పొర ఎంత కదులుతోందో చూస్తారు. గీతకు శిఖరం ఉంటే ఏ రకం, బల్లపరుపుగా ఉంటే బీ, శిఖరం ఒత్తిడి తక్కువ వైపుకు జరిగి ఉంటే సీ. చెరువుల్లో, కాలువల్లో ఈతలు కొట్టే పిల్లలకు చెవిలో చీము కారడం డెల్టా ఊళ్లలో పరిపాటి. పొరకు చిల్లు ఉన్న చెవికి మిషను కాదు, ఈఎన్‌టీ డాక్టరు కావాలి. ఇక్కడ శిక్షణార్థులు ఒక్క సంగతి తప్పకుండా గుర్తుంచుకోవాలి. పెద్దలకు వాడే 226 హెర్ట్జ్ శ్రుతి ఆరు నెలల్లోపు పసిబిడ్డకు పనికిరాదు. చెవి లోపల నీరున్నా బాగున్నట్టే గీత వస్తుంది. వాళ్లకు 1000 హెర్ట్జ్ పెట్టాలి. పరీక్ష యంత్రంలో ఆ మీట లేకపోతే పసివాళ్ల పరీక్ష ఒప్పుకోకపోవడమే నిజాయితీ.

ఇప్పుడు మాటల పరీక్ష. మన దగ్గర అన్నిటికన్నా అన్యాయమైపోతున్నది ఇదే. దుకాణానికి వచ్చే పెద్దలు చెప్పే మొదటి ఫిర్యాదు చెవుడు గురించి కాదు. ‘మాట వినపడుతోంది బాబూ, ఏమంటున్నారో తెలియడం లేదు’ అంటారు. కూతలతో చేసే పరీక్ష ఈ ఫిర్యాదును పట్టుకోలేదు. మాట ఏ మేర చప్పుడులో అర్థమవుతోందో చూడాలి. ఆ సంఖ్య కూతల సగటుతో పది డెసిబెల్స్ అటూ ఇటూగా కలవాలి. కలవకపోతే రెండింట్లో ఒకటి తప్పు. తరవాత హాయిగా వినపడే చప్పుడులో పదాలు వినిపించి ఎన్ని సరిగా చెప్పారో లెక్కపెట్టాలి. ఇంగ్లిషువాళ్లు దీనికి ఒకే అక్షరంతో పలికే మాటలు వాడతారు. తెలుగులో అలాంటివి ‘రా, పో, తే’ లాంటివి కాసిని. మనవి రెండు మూడు అక్షరాల మాటలు. పైగా దాదాపు ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది. అచ్చులు కింది శ్రుతుల్లో గట్టిగా పలుకుతాయి. వయసుతో ముందుగా పోయేది పై శ్రుతులు. దాంతో మన పెద్దలకు మాట ఆకారం చివరిదాకా అందుతుంది, మొదటి హల్లు మాత్రం జారిపోతుంది. కాలు, పాలు, చాలు, తాలు అని వరసగా చెప్పి చూడండి. పెదాలు కనపడనివ్వకుండా చెప్పాలి సుమా. చాలామంది నాలుగింటినీ ఒకటిగానే చెప్తారు. వడ్లు తూర్పారబట్టిన రైతుకు తాలు తెలియక కాదు.

తెలుగు పదాల పట్టికలు పరిశోధకులు తయారుచేసినవి ఉన్నాయి. దుకాణాల్లో వాటి వాడకం అరుదు. ఉన్నచోట కూడా రికార్డింగ్ పెట్టకుండా, ఎదురుగా కూర్చున్న అమ్మాయి నోటితో చదివేస్తుంది. ఆ అమ్మాయి గొంతు ఇవాళ ఒకలా, రేపు జలుబు చేస్తే ఒకలా ఉంటుంది. నాగాయలంక నుంచి వచ్చిన ముసలామెకు ‘శాంతి’ అని వినిపిస్తే ఆమె ‘సాంతి’ అంటుంది. తప్పు మార్కు వేస్తారా? ఆమె జీవితమంతా అలాగే పలికింది. ‘భారం’ వినిపిస్తే ‘బారం’ అనేవాళ్లూ, ‘కళ్లు’ను ‘కల్లు’ చేసేవాళ్లూ ఉంటారు. వినికిడి తప్పుకూ పలుకుబడికీ తేడా తెలియనివాడు మార్కులు వేస్తే చెవి బాగున్నవాళ్లకూ మార్కులు తగ్గిపోతాయి. ఇది యంత్రం నేర్పదు, ఏ విదేశీ పాఠ్యపుస్తకమూ నేర్పదు. కృష్ణా డెల్టా మాట, శ్రీకాకుళం మాట, కడప మాట చెవికి పట్టిన తెలుగువాడే నేర్పాలి. రొదలో మాట పరీక్ష కూడా తప్పనిసరి చెయ్యాలి. పెద్దాయన ఇబ్బంది నిశ్శబ్దపు గదిలో కాదు, పెళ్లిపందిట్లోనూ బస్టాండులోనూ.

రొద అంటే విజయవాడ ఆటోనగర్ గుర్తొస్తుంది. లారీ బాడీలు కట్టే షెడ్లలో రేకు మీద సమ్మెట దెబ్బ, డెల్టా నిండా రైస్‌మిల్లుల హోరు, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం, రైల్వే లోకోషెడ్డు, వీటన్నిటికీ కామన్‌గా కనిపించే గుర్తు ఆడియోగ్రామ్‌లో 4000 హెర్ట్జ్ దగ్గర ఒక గుంట. 8000 దగ్గర గీత మళ్లీ లేస్తుంది. ఒట్టి వయసు చెవుడైతే లేవదు, జారుతూనే పోతుంది. మన నిబంధనల్లో ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దు. 95 అయితే నాలుగు గంటలే. రొద వల్ల వచ్చే చెవుడు చట్టం ప్రకారం అధికారులకు తెలపవలసిన జబ్బు. చట్టం సంగతి అలా ఉంటే, పరీక్షలో మెలకువ ఒకటుంది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాడి చెవి తాత్కాలికంగా మొద్దుబారి ఉంటుంది. రాత్రంతా ప్రశాంతంగా గడిపి పొద్దున్నే వచ్చినవాడి గీతే అసలుది. కొందరికి లోపలి చెవిలో ఒక భాగం పూర్తిగా చచ్చి ఉంటుంది. అక్కడికి ఎంత చప్పుడు పంపినా గజిబిజే. కేంబ్రిడ్జిలో బ్రయాన్ మూర్ బృందం 2000 ప్రాంతంలో తెచ్చిన ‘టెన్’ పరీక్ష ఆ భాగాన్ని కనిపెడుతుంది. ఆ శ్రుతుల్లో మిషను పెంచకపోవడమే మేలు. సాఫ్ట్‌వేరు మాత్రం పెంచమనే చెబుతుంది.

పసివాళ్ల దగ్గరికి వస్తే ఆషామాషీ కుదరదు. నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలలకు నిర్ధారణ, ఆరు నెలలకు మిషను లేదా వైద్యం. అంతర్జాతీయంగా ఒప్పుకున్న లెక్క ఇది. మేనరికాలు ఇంకా జరుగుతున్న జిల్లాల్లో పుట్టు చెవుడు వంశాలవారీగా కనిపించడం ఈఎన్‌టీ డాక్టర్లందరికీ తెలిసిన సంగతే. చెయ్యెత్తలేని బిడ్డకు రెండు పరీక్షలున్నాయి. ఓఏఈ లోపలి చెవి రోమకణాలు పనిచేస్తున్నాయో లేదో చెబుతుంది. లోపలి చెవి తానే చిన్న ధ్వని వెలువరిస్తుందని 1978లో డేవిడ్ కెంప్ కనిపెట్టిన దాని మీద ఇది నడుస్తుంది. జనం నోట్లో నానిన ‘బెరా’ నరం దారిని చూస్తుంది. బిడ్డ నిద్రపోతుండగా తలకు వైర్లు అతికించి చేస్తారు. పుట్టగానే కామెర్లు ముదిరి ఎన్‌ఐసీయూలో ఉన్న బిడ్డకు ఓఏఈ పాస్ కావచ్చు, బెరాలో ఏ తరంగమూ రాకపోవచ్చు. దాన్ని ఆడిటరీ న్యూరోపతీ అంటారు. అలాంటి బిడ్డకు ఓఏఈ ఒక్కటే చేసి ‘పాస్’ అని పంపితే ఏడాదిన్నర పోయాక మాటలు రాలేదంటూ తల్లి తిరిగొస్తుంది. తిరగేసి చూస్తే ఇంకో ప్రమాదం. క్లిక్ చప్పుడుతో చేసే బెరా ముఖ్యంగా 2000 నుంచి 4000 మధ్య చెబుతుంది. కింది శ్రుతుల్లో మిగిలిన వినికిడిని అది చూడదు. ‘బెరాలో ఏమీ రాలేదు’ అన్న ముక్కతో బిడ్డకు బొత్తిగా వినపడదని తేల్చకూడదు. శ్రుతుల వారీగా చెప్పే ఏఎస్‌ఎస్‌ఆర్ దాని పక్కన ఉండాలి. చిన్నపిల్లల కాక్లియర్ ఇంప్లాంటుకు ఆరోగ్యశ్రీ కాలం నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వ సాయం ఉంది. అంత పెద్ద ఆపరేషనుకు దారితీసే కాగితం దుకాణంలో పుట్టకూడదు. దుకాణంవాడు నేర్చుకోవలసిందల్లా బిడ్డను ఎవరి దగ్గరికి, ఎంత తొందరగా పంపాలన్నది.

వికలాంగుల పెన్షన్ల తనిఖీ వల్ల ఈ పరీక్షలు ఇప్పుడు రాజకీయాల్లోకీ వచ్చాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉంటే వినికిడి మందగించినవారు, 70 పడితే బధిరులు. పెన్షన్ పొందాలంటే సదరం వైకల్య సర్టిఫికెట్‌లో 40 శాతం రావాలి. 2024 జూలై నుంచి రాష్ట్రంలో ఆ పెన్షన్ 6,000 రూపాయలు. 2025లో సర్టిఫికెట్ల పునఃపరిశీలన మొదలైంది. నకిలీలు ఉన్నాయి, నిజమే. కానీ ఎవరు ఎంత జాగ్రత్తగా చేసినా ప్యూర్‌టోన్ పరీక్ష 5 డెసిబెల్స్ అటూ ఇటూ ఊగుతుంది. 58 వచ్చిన మనిషికీ 61 వచ్చిన మనిషికీ చెవుల్లో తేడా లేకపోవచ్చు. నెల నెలా బతుకులో మాత్రం ఉంటుంది. నటించేవాణ్ణి పట్టే పరీక్షలు చక్కగా ఉన్నాయి. ఒక చెవి వినపడదనేవాడికి స్టెంగర్ పరీక్ష ఉంది. రెండు చెవుల్లోనూ ఒకే శ్రుతి ఒకేసారి వినిపించినప్పుడు మనిషికి గట్టిగా ఉన్నదొక్కటే తెలుస్తుంది. బాగున్న చెవిలో వినపడేంత, ‘పోయిన’ చెవిలో అతను చెప్పిన గీతకు కాస్త తక్కువ పెడతారు. నిజంగా వినపడనివాడు బాగున్న చెవితో విని చెయ్యెత్తుతాడు. నటించేవాడికి ‘పోయిన’ చెవిలోదే వినపడుతుంది, దాంతో బిగుసుకుని కూర్చుంటాడు. రెండు చెవులూ పోయాయనేవారికి మాటల పరీక్ష కూతలతో కలవకపోవడం మొదటి ఆధారం, బెరా చివరిది. అయితే గీతలు కలవని ప్రతివాడూ దొంగ కాదు. చెప్పింది అర్థంకాక, భయంతో, డాక్టరు కోప్పడతాడేమోనని అతి జాగ్రత్తగా చెయ్యెత్తేవాళ్లుంటారు. వాళ్లకు మళ్లీ ఓపిగ్గా చెప్పి మళ్లీ చేయడం కూడా పరీక్షలో భాగమే.

మిషను పెట్టాక చేయవలసిన పరీక్షను మన చర్చల్లో అసలు లెక్కలోకే తీసుకోరు. కంప్యూటరుకు తగిలించి ఆడియోగ్రామ్ ఎక్కించి ఒక్క క్లిక్ చేస్తే సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి సర్దుతుంది. చెవి రంధ్రం వెడల్పు, లోతు మనిషి మనిషికీ వేరు. పొర దగ్గరికి చేరిన చప్పుడు ఎంతో తెలియాలంటే సన్నని గొట్టం మైకు లోపల పెట్టి కొలవాలి. ఆ కొలతను, ఏ శ్రుతిని ఎంత పెంచాలో చెప్పే ఎన్‌ఏఎల్ సూత్రంతోనో, పిల్లలకైతే డీఎస్‌ఎల్‌తోనో పోల్చాలి. ఇది చేయని చోట మిషను ‘సెట్ చేశాం’ అన్న మాటకు అర్థం లేదు.

ఇంతకూ ఈ కుర్రవాడి ఉద్యోగం ఎన్నాళ్లుంటుంది? 2022 అక్టోబరు నుంచి అమెరికాలో ఒక మోస్తరు చెవుడున్న పెద్దలు చీటీ లేకుండా మిషను కొనుక్కోవచ్చు. 2024 సెప్టెంబరులో అక్కడి ఎఫ్‌డీఏ యాపిల్ ఎయిర్‌పాడ్స్‌ను చెవి మిషనుగా వాడే సాఫ్ట్‌వేరుకు అనుమతి ఇచ్చింది. కూతల పరీక్ష ఫోనే చేసేస్తుంది. బటన్ నొక్కి గీత గీయడమే తెలిసినవాడి పనిని ఫోను లాక్కుంటుంది, అందులో అనుమానం లేదు. ఎముక దారి కొలవడం, మాస్కింగ్, మధ్య చెవి చూడడం, తెలుగు మాట పరీక్ష, గొట్టం మైకు కొలత ఫోను చేయలేదు. మిషను అమ్మకుండా పంపేయవలసిన మనిషిని గుర్తుపట్టడం అంతకన్నా చేయలేదు. రాత్రి పడుకుని పొద్దున లేచేసరికి ఒక చెవి మూగబోయినవాడికి మొదటి రెండు వారాలే స్టెరాయిడ్ చికిత్సకు అదను. అతను మూడో రోజు దుకాణానికొస్తే మిషను చూపించేవాడు ఆ అదనును తినేసినట్టే. ఒకవైపే చెవుడు, ఒకవైపే హోరు, కళ్లు తిరగడం, చీము, నొప్పి ఉన్నా అదే రోజు డాక్టరు దగ్గరికి పంపాలి.

పరీక్షకు రుసుము పెట్టాలన్నది నా వాదన. ఐదొందలో, ఎనిమిదొందలో. మిషను కొన్నా కొనకపోయినా అదే ధర, బిల్లు వేరు. అప్పుడు గంటసేపు కూర్చుని మాస్కింగ్ చేసినవాడికి ఆ గంట నష్టం కాదు. పేదవాళ్ల మాటేమిటంటారు. వాళ్లకు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా చేయాలి. జిల్లా ఆసుపత్రుల్లో ఆడియాలజిస్టు పోస్టులు నింపితే ఆ పని అవుతుంది. దుకాణం ఉచితం పేదవాడికి ఎప్పుడూ ఉచితం కాలేదు. ఇరవై వేల మిషనును వాయిదాల్లో కొన్నవాళ్లను అడిగితే చెబుతారు.

ఈలోపు పరీక్ష చేయించుకున్నవాళ్లు చేయగలిగింది ఒకటుంది. ఆడియోగ్రామ్ కాగితం అడిగి ఇంటికి తెచ్చుకోవాలి. అది మీ హక్కు. ఎర్ర సున్నాలు కుడి చెవివి, నీలం ఇంటూ గుర్తులు ఎడమవి. మాస్కింగ్ చేసి తీసినవైతే కుడికి త్రికోణం, ఎడమకు చదరం ఉంటాయి. రెండు చెవుల గీతల మధ్య 40 డెసిబెల్స్‌కు మించి ఎడం ఉండి, కాగితం మీద త్రికోణం గానీ చదరం గానీ ఒక్కటీ లేకపోతే, వినికిడి తక్కువగా చూపిన చెవికి మిషను కొనకుండా ఇంకోచోట పరీక్ష చేయించుకోండి.